వాచీలాయన రాసిన చెవుల పరీక్ష

వాచీలాయన కొత్త ఫోన్ కొన్నాడు. పెట్టె విప్పేసరికే అందులో నలభై యాప్‌లు కాపురం పెట్టేసి ఉన్నాయి. దిక్కులు చూపేదొకటి, అడుగులు లెక్కపెట్టేదొకటి, ఆయన జన్మలో ఆడని ఆటలు నాలుగు. తీసేద్దామంటే పోవు, పిలవని చుట్టాల్లా తిష్ఠ వేశాయి. "కొన్నది నేనైతే కాపురం వీటిదా?" అని విసుక్కున్నాడు.

అసలు ఆయనకి కావలసింది ఒక్కటే, భార్య మాట వినపడాలి. పోయినేడు గొంతుకి ఆపరేషన్ అయ్యాక ఆవిడ మాట గాలి కలిసినట్టు సన్నగా వస్తోంది. సరిగ్గా అప్పుడే ఈయన చెవులూ మొరాయించాయి. డాక్టర్‌కి చూపించుకోవచ్చు కదా అంటారా? నలభై ఏళ్లుగా వాచీని చెవి దగ్గర పెట్టుకుని దాని రోగం చెప్పిన మనిషి, తన చెవికే రోగమొచ్చిందని ఎలా ఒప్పుకుంటాడు! అందుకని ఆవిడ ఏమన్నా "ఊఁ" అనేవాడు. ఊఁ అంటే ఆ పూటకి గండం గడిచిపోయేది.

ఫోన్ అమ్మినతను సెట్టింగుల్లో హై రిజల్యూషన్ ఆడియో అని ఒకటి చూపించి, "ఇది ఆన్ చేస్తే చీమ నడిచినా వినపడుతుంది సార్" అన్నాడు. ఆన్ చేశాడు. చార్జింగ్ మధ్యాహ్నానికే అయిపోయింది. భార్య మాట మాత్రం వినపడలేదు. ఎదురుగా కూర్చున్న మనిషి మాట, ఫోన్‌లోంచి వచ్చే పాట కాదు కదా!

ఆ పక్కనే, కంపెనీవాళ్లు ముందే పెట్టిన ఇంకో యాప్ కనిపించింది. చెవులకి పరీక్ష పెట్టి, దానికి తగ్గట్టు ఎదుటివాళ్ల మాటని పెంచి ఇయర్‌ఫోన్‌లోకి పంపుతుందట. ఇయర్‌ఫోన్‌లో కీమని మోగినప్పుడల్లా తెర మీద నొక్కాలి. నాలుగు వినపడ్డాయి. ఆ నాలుగూ సమానమైన ఎడంతో వచ్చాయి. ఇంకేముంది, బతుకంతా టిక్కుటిక్కులతో గడిపిన చెయ్యి, వినపడినా పడకపోయినా లెక్క తప్పకుండా నొక్కుకుంటూ పోయింది. చివర్లో "మీ వినికిడి అద్భుతం" అని వచ్చింది. నమ్మాడా? సగం నమ్మాడు. మిగతా సగం నమ్మాలనుకున్నాడు. గబగబా వెళ్లి భార్యకి చూపించాడు.

ఆవిడ చదివింది. మొహం పాలిపోయింది. ఫోన్ ఆయన చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి ఆవిడ మాట్లాడడమే మానేసింది. కంచం పెట్టేది, తీసేది, అంతే. నాలుగో రోజు పొద్దున్న చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే ఆయనకి బుర్ర వెలిగింది. చెవులు భేషుగ్గా ఉన్నాయని తనే రుజువు చూపించాడు. మరి ఇన్నాళ్లూ తను ఆవిడకి సరిగ్గా బదులివ్వనిది ఎందుకని అనుకుంటుంది ఆ మనిషి?

కొట్టు తెరవలేదు. భార్య పక్కన కూర్చుని, "నేను దొంగపరీక్ష రాశానే. వినపడకుండానే నొక్కేశాను" అన్నాడు.

ఆవిడ నమ్మలేదు. ఇయర్‌ఫోన్ ఒకటి తన చెవిలో, రెండోది ఆయన చెవిలో పెట్టి, మళ్లీ మొదలుపెట్టమని సైగ చేసింది. నాలుగు నొక్కాడు. ఆ తర్వాత ఆవిడ కనుబొమ లేచింది. అంటే ఏదో మోగింది. చెయ్యి దాని లెక్కన అది లేవబోతే, వేలు మడిచి పట్టుకున్నాడు. కనుబొమ మళ్లీ లేచింది. మళ్లీ నొక్కలేదు. పన్నెండుసార్లు అలా జరిగింది. వినపడని మనిషినని ఆవిడ కళ్లెదుట ఒప్పుకుంటూ కూర్చోవడం ఆయనకి చచ్చేంత కష్టమైంది. అయినా కూర్చున్నాడు.

పరీక్ష అయ్యేసరికి ఆవిడ కళ్లు నిండిపోయాయి. ఫోన్ తీసుకుని పెదవుల దగ్గర పెట్టుకుంది. యాప్ పెంచి పంపిన ఆవిడ మాట, ఏడాది తర్వాత మొదటిసారి ఆయన చెవికి మాటగా వినపడింది.

"ఆరుసార్లు అడిగానండీ. నా గొంతు ఇలా అయిపోయింది కదా, వింటుంటే మీకు రోతగా ఉందా అని. ఆరుసార్లూ ఊఁ అన్నారు."

వాచీలాయనకి గండం గడవడానికి తను విసిరిన ఊఁలు ఎవరికి తగిలాయో అప్పుడు తెలిసింది. అవన్నీ మోస్తూనే ఈవిడ తనకి రోజూ అన్నం పెట్టింది. ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"మళ్లీ అడుగు."

అడిగింది. గాలితో సహా వినపడింది. ఆ గాలి మధ్యలో పెళ్లయిన కొత్తలో విన్న గొంతే ఉంది.

"లేదే," అన్నాడు. "దీనికీ లేదు. ఆ ఆరింటికీ లేదు."