కోతకు రాని తెరచాప

"ఒంటిచేత్తో సముద్రం దాటొచ్చినదానివి, ఈ నాలుగు గిన్నెలు నీకొక లెక్కా అమ్మాయ్?"

మా అత్తయ్య ఈ మాట మెచ్చుకోలుగానే అంటుంది. వచ్చిన చిక్కల్లా అదే. తిట్టి పని చెప్పేవాళ్ళకి ఎదురు చెప్పొచ్చు, పొగిడి పని చెప్పేవాళ్ళకి ఏం చెబుతాం? పడవ పోటీల్లో కునికిపాట్లతోనే వారాలు గడిపాను కాబట్టి ఆవిడ రాత్రి దగ్గితే లేవాల్సింది నేనే. "నీకు అలవాటేగా" అంటాడు మా ఆయన దుప్పట్లోంచి మొహం తియ్యకుండా. తుఫానులో విరిగిన చుక్కానిని తాళ్ళతో కట్టి ఒడ్డుకొచ్చాను కాబట్టి వంటింటి కుళాయి కారితే పట్టకారు నా చేతికే వస్తుంది. నెలల తరబడి ఒక్కదాన్నే ఉండగలిగాను కాబట్టి ఆయన ఎన్ని ఊళ్ళు తిరిగినా నాకు బెంగ ఉండదట. లాగే ఎద్దు మీదే నాలుగు బస్తాలు ఎక్కువేస్తారని మా నాన్న అనేవాడు. నేను ఎద్దుల గురించి చెబుతున్నాడనుకునేదాన్ని.

పాత తెరచాపలతో సంచులు కుట్టే ఈ పని మొదలుపెట్టింది నేను. మనిషి జాడలేని నీళ్ళలో కూడా ప్లాస్టిక్ డబ్బాలు, తెగిన వలలు తేలుతూ ఎదురొచ్చేవి. ఎవరో పారేశారులే అని తిట్టుకుంటూ ఒడ్డుకొచ్చి చూద్దును కదా, రేవు వెనక చెత్తగుట్టలో పడున్నవి మా పోటీ పడవల చిరిగిన తెరచాపలే. సిగ్గేసి ఒక కుట్టుమిషను కొన్నాను. ఇప్పుడు షెడ్డు నిండా మిషన్లే. పెట్టుబడి పెట్టేవాళ్ళొస్తే లెక్కలన్నీ ఆయన చెప్పి, చివర్లో "మా ఆవిడ అలల కథ చెబుతుంది" అంటాడు. చెబుతాను. చప్పట్లు కొడతారు. తర్వాత ప్రశ్నలన్నీ ఆయన్ని అడుగుతారు.

నిజానికి నాకు గుర్తొచ్చేది అలలూ కాదు, గెలుపులూ కాదు. గాలి మారబోయే ముందు చెంప మీద పాకే సన్నటి చల్లదనం. దాన్ని పట్టుకుని, ఒళ్ళంతా చెవిగా చేసుకుని, తాడు వదలాలో బిగించాలో తేల్చుకునే ఆ క్షణం. ఆ క్షణంలో నన్నెవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు. నా కండువా ఏది, నా ఛార్జర్ ఏది అని కేకలుండేవి కావు. ఇప్పటికీ వంటింటి కిటికీకి కట్టిన గుడ్డ కదిలితే చాలు, చెంప దానంతటదే అటు తిరుగుతుంది. గాలి ఎటు వీస్తోందో తెలిసిపోతుంది. తెలిసి ఏం చెయ్యను? స్టవ్ మంట ఆరిపోకుండా కిటికీ మూస్తాను.

నిన్న పొద్దున మా పాత కెప్టెన్ ఫోను చేసింది. నాకు తాడు ముడి వెయ్యడం నేర్పిన మనిషి.

"ఒసే పిల్లా, సముద్రం దాటే పోటీ ఒకటుంది. పడవకి ఇద్దరే. నాతో రావాల్సినమ్మాయి మెట్ల మీంచి జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. నా పెద్ద తెరచాప చూస్తే జల్లెడ. నాకు నువ్వూ కావాలి, పోటీ గెలిచాక నువ్వు దాచుకున్న ఆ తెరచాపా కావాలి."

"ఈ వయసులో నీకెందుకిది?" అన్నాను.

"మంచం మీద కూర్చుంటే నడుము నొప్పి. రేపు సాయంత్రంలోగా చెప్పు."

భోజనాల దగ్గర మా ఆయనతో, "వెళ్ళనా?" అన్నాను. ఉరుముతున్న మబ్బుని కూడా ఎప్పుడూ అలా అడగలేదు నేను.

ఆయన కోప్పడలేదు, నవ్వాడు. "కొత్త దుకాణం తెరిచే నెలలోనా? అయినా ఆ తెరచాప ఖాళీ లేదు, రేపు కోతకి వెళుతోంది. నువ్వు పోటీ గెలిచిన తెరచాపతో కుట్టిన సంచులంటే జనం ఎగబడతారు. పనికొచ్చే గుడ్డని అటక మీద పెట్టి పూజ చెయ్యకూడదని ఊరందరికీ చెప్పేది నువ్వేగా!"

నా మాటే. ఆయన నోట్లోంచి వచ్చింది. లేచి కంచాలు తీశాను.

ఇవాళ షెడ్డుకి వెళ్ళేసరికి నా తెరచాప బల్ల మీద పరిచి ఉంది. దాని నిండా సుద్దగీతలు. గుడ్డ కోసే మా కత్తెర పిన్ని పక్కనే నిలబడి చేతులు నలుపుకుంటోంది.

"వచ్చావా తల్లీ! నీ జడ కత్తిరించమన్నట్టుంది నాకు. అయ్యగారేమో ఇప్పటికే రెండుసార్లు ఫోను."

"చెవి పెట్టావా?" అన్నాను.

మా షెడ్డులో ఏ తెరచాపనైనా కోసేముందు గుప్పెడు గుడ్డ నలిపి చెవి దగ్గర పెట్టుకుంటాం. చచ్చిన గుడ్డ పిండేసిన పాత బట్టలా మెత్తగా, చప్పుడు లేకుండా ఉంటుంది. అది కోతకి. గలగలమన్నదానిలో ఇంకా గాలిని పట్టే సత్తువ ఉన్నట్టు. దాన్ని కొయ్యం, పడవ నేర్చుకునే పిల్లలకి పంపేస్తాం. ఎంత పెద్ద ఆర్డరున్నా ఇది తప్పలేదు.

"లేదమ్మా. మా ఆవిడ తెరచాపేగా, దానికి పరీక్షేంటన్నారు అయ్యగారు."

గుప్పెడు నలిపాను. ఎండుటాకుల మీద వాన మొదలైనట్టు చప్పుడు. అనుమానమొచ్చి అంచు దగ్గర నలిపాను, నడిమధ్య నలిపాను. పిన్ని కూడా వంగి చెవి పెట్టి, "ఓసి నీ దుంపతెగ, ఇది బతికే ఉంది!" అంది. తడిగుడ్డతో సుద్దగీతలు తుడిచేశాను. ఇద్దరం చెరోవైపు పట్టుకుని చుట్టాం. అప్పుడు కెప్టెన్‌కి ఫోను చేసి, "ఇద్దరం వస్తున్నాం, నేనూ అదీ" అన్నాను. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందేమో అనుకున్నాను. "మేజోళ్ళు ఎక్కువ తెచ్చుకో" అని పెట్టేసింది.

సాయంత్రం ఆయన వస్తూనే, "కోత అయిందా?" అన్నాడు.

"అది కోతకి రాదండీ. బతికుంది. సముద్రానికి పంపేశాను. వచ్చే వారం నేనూ వెళుతున్నాను."

"దుకాణం?"

"మీరున్నారుగా. అలల కథ ఈసారి మీరే చెప్పండి."

"మరి అమ్మని ఎవరు చూసుకుంటారు?"

పక్కగదిలోంచి అత్తయ్య గొంతు వినబడింది. "పసిపిల్లాడప్పుడు నీకు జ్వరమొస్తే నిన్ను చూసుకుంది నేను కాదట్రా? ఇప్పుడు నీ వంతు."

ఆయన నా వైపు తిరిగాడు. ఇలాంటప్పుడు నేనే సర్దుకుని, "సర్లెండి, ఇంకోసారి చూద్దాం" అనడం మా ఇంటి ఆనవాయితీ. ఇవాళ వంటింట్లోకి నడిచి అత్తయ్య మందుల డబ్బా తీశాను. ఆయన వెనకే వచ్చాడు.

"పచ్చది తిన్నాక, తెల్లది పడుకునేముందు. దగ్గు మందు ఎంత పొయ్యాలో సీసా మీదే ఉంది, చదవండి."

సీసాని దీపం దగ్గరికి పెట్టి, దూరం జరిపి, మళ్ళీ దగ్గరికి తెచ్చుకుని చూశాడు. "అక్షరాలు ఇంత చిన్నగా ఉంటాయా!" అంటూ కళ్ళజోడు తెచ్చుకోవడానికి వెళ్ళాడు.