బత్తాయంత కంచు గిన్నె

పోశమ్మ సంచిలో ఒక బత్తాయి పండు, సబ్బు ముక్క, గడ్డం గీసుకునే బ్రష్షు పెట్టుకుని నెల్లికుదురులో మహబూబాబాద్ బస్సెక్కింది. పక్కన కూర్చున్నావిడ సంచిలోకి తొంగి చూసి, "ఎవలన్న దవాఖానల ఉన్నరా అక్కా?" అని అడిగింది. సంచిలో బత్తాయి కనబడితే ఎవరైనా అడిగే మాటే అది.

"లేరమ్మా. గిన్నె కొనేటందుకు పోతున్న."

ఆవిడ కిటికీ వైపు జరిగింది.

ఆ గిన్నె పోశమ్మ మొగుడు మొండయ్య కోసం. మొండయ్య డోర్నకల్ జంక్షన్‌లో పాయింట్స్‌మన్‌గా పనిచేసి, రిటైరై, సొంతూరు చేరిన మనిషి. రైల్వే నౌకరీలో ఉన్నప్పుడు సరే, వదిలాక కూడా గడ్డం గీసుకోనిదే చాయ ముట్టేవాడు కాదు. గిన్నెలో బ్రష్షు గిరగిరా తిప్పి, నురగ లేపి, ముఖమంతా పట్టించుకుని, అద్దంలో తనను తాను పెద్దాఫీసరులా చూసుకునేవాడు. పెళ్లైన కొత్తలో పోశమ్మ ఆ వైభోగం చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఇప్పుడు ఆ వైభోగమే తిరిగొస్తే చాలని మొక్కుకుంటోంది.

పోయిన వానాకాలంలో మొండయ్యకు పక్షవాతం వచ్చింది. కాలు మెల్లగా దారికొచ్చింది. మాట మాత్రం ముద్దయింది, కుడి చెయ్యి సగం ముడుచుకుని అట్లాగే ఉండిపోయింది. దవాఖానాలో కసరత్తులు చేయించే డాక్టరమ్మ శ్వేత ఆ వేళ్లను ఒక్కొక్కటీ వంచి చూసి పోశమ్మను పక్కకు పిలిచింది.

"అవ్వా, చేతుల ఇంకా పానం ఉన్నది. రోజూ పని చెప్తేనే మాట వింటది. ఊకె ఉంచినమనుకో, గట్లనే బిగుసుకపోతది. ఇగ తర్వాత మనం ఎంత మొత్తుకున్నా రాదు. బాపుకు బాగా ఇష్టమున్న పని ఏంది?"

"గడ్డం గీసుకునుడు" అంది పోశమ్మ, ఆలోచించకుండానే.

"ఇంకేం మరి! కుడి చేత్తోని గిన్నె పట్టుకోమను, ఎడమ చేత్తోని బ్రష్షు తిప్పమను."

చెప్పినంత తేలిక కాలేదు. ఇంట్లో ఉన్నది పల్చటి స్టీలు గిన్నె, పైగా వెడల్పు. ముడుచుకున్న వేళ్లలో ఇమడలేదు. ఎడమ చేత్తో బ్రష్షు ఒక్క తిప్పు తిప్పాడో లేదో గిన్నె జారి, సబ్బు నీళ్లన్నీ లుంగీ మీద పోసి, గలగలమంటూ వాకిట్లోకి దొర్లింది. మొండయ్య దాని వెనకే బ్రష్షును కూడా విసిరేశాడు. ఆ రోజు నుంచి గోడ వైపు తిరిగి పడుకోవడమే పని. క్షవరం చేసే తిరుపతి ప్రేమకొద్దీ ఇంటికొచ్చి, "బాపూ, నేను గీస్త గదా, కూసో" అంటే పళ్లు బిగబట్టి తల తిప్పుకున్నాడు. తెల్లటి గడ్డం పెరిగింది. చూడవచ్చినవాళ్లు "సామిలెక్క అయినవేందే" అనేసరికి వాకిట్లో కూర్చోవడమూ మానేశాడు. భూపాలపల్లి నుంచి కూతురు శోభారాణి ఫోన్ చేస్తే చెయ్యి అడ్డంగా ఊపేవాడు. ముద్ద మాట బిడ్డ చెవిన పడొద్దని ఆయన పంతం.

అందరూ ఆ చెయ్యి ఇక రాదన్నారు. పోశమ్మకు మాత్రం గిన్నె మీద కోపమొచ్చింది. దీనికంటే మంచి గిన్నె లోకంలో లేదా? మొగుడు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఆ ముడుచుకున్న చేతిలో ఒక్కో వస్తువూ పెట్టి చూసింది. నిమ్మకాయ ఎటో పోయింది. కొబ్బరికాయ పట్టనే లేదు. ఎవరో చూడవచ్చి ఇచ్చిపోయిన పెద్ద బత్తాయి మాత్రం గూట్లో పెట్టినట్టు కుదురుకుంది. గిన్నె బత్తాయంత ఉండాలి, జారిపోకుండా బరువుండాలి. సంచిలోకి బత్తాయి వచ్చిన సంగతి ఇదీ.

మహబూబాబాద్ కూరగాయల మార్కెట్ వెనక గిన్నెల దుకాణంలో ఎల్లేశ్ పేర్లు చెక్కే మిషన్ మీదికి వంగి ఉన్నాడు. ఎవరిదో దశదిన కర్మకు వచ్చినవాళ్లకు పంచే స్టీలు గిన్నెలు అతని చుట్టూ గోడ కట్టినట్టున్నాయి. వాటన్నిటి మీదా పోయినాయన పేరు చెక్కాలి. పోశమ్మ పని చెప్పగానే తల కూడా ఎత్తకుండా, "ఆడున్నయి, సూసుకో అవ్వా" అన్నాడు.

చూసుకోవడమంటే పోశమ్మ మామూలుగా చూసుకునే రకం కాదు. చెంబుతో నీళ్లడిగి, కింద చతికిలబడి, సబ్బు ముక్క తడిపి, గిన్నె తరవాత గిన్నెలో ఎడమ చేత్తో బ్రష్షు తిప్పడం మొదలుపెట్టింది. స్టీలుది పరుగెత్తింది. పింగాణీది తడి తగలగానే చేపలా జారింది. ఇత్తడిదాని మూతి ఇరుకై బ్రష్షు తిరగలేదు. దుకాణమంతా నురగ. కొనడానికి వచ్చినవాళ్లు బేరాలు మానేసి ఆమె చుట్టూ మూగారు.

ఎల్లేశ్ మిషన్ ఆపాడు. "అవ్వా, గిది గిన్నెల దుకాణమా, సెలూనా?"

"కొనేటోళ్లం జర సూసుకోవద్దా బిడ్డా? గా పైన నల్లగున్నది ఏంది?"

అది కంచు గిన్నె. ఎప్పటి నుంచి ఉందో, దుమ్ము కొట్టుకుపోయి ఉంది. పోశమ్మ ఒక చేతిలో బత్తాయి, ఒక చేతిలో గిన్నె పట్టుకుంది. రెండు చేతులూ ఒక్కలాగే విచ్చుకున్నాయి. కింద పెట్టి బ్రష్షు తిప్పితే కదల్లేదు, మెదల్లేదు. నురగ పాలు పొంగినట్టు పైకొచ్చింది. పోశమ్మకు ఏడుపొచ్చినంత పనైంది.

"దీని మీద పేరు కొట్టు బిడ్డా. నెల్లికుదురు మొండయ్య అని. లేకుంటే చుట్టాల ఇండ్లకు పోతది." ఫోన్ నంబరు ఇచ్చి మందుగోలీలకు పోయింది. తిరిగొచ్చేసరికి ఎల్లేశ్ గిన్నెను పేపర్లో చుట్టి ఉంచాడు. బస్సుకు వేళవుతోందని దాన్ని సంచిలో వేసుకుని పరుగెత్తింది.

ఇంటికి రాగానే కాళ్లయినా కడుక్కోకుండా మొగుణ్ణి లేపి కూర్చోబెట్టి, గిన్నెను ఆ కుడి చేతిలో పెట్టింది. వేళ్లు దాన్ని అల్లుకున్నాయి. మొండయ్య ఇష్టం లేనట్టే దాన్ని ముఖం దగ్గరకు తెచ్చుకుని చెక్కిన అక్షరాలు చదివాడు. ఒక్కసారిగా ఆయన భుజాలు అదిరాయి. నోరు ఒక పక్కకు పోయింది. గొంతులోంచి ఏదో శబ్దం.

పక్షవాతం మళ్లీ వచ్చిందనుకుని పోశమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. "ఓ అయ్యా! ఏమైందే?"

మొండయ్య నవ్వుతున్నాడు. ఆ వంకర నోటితో, కళ్ల నీళ్లు కారేటట్టు నవ్వుతున్నాడు. పోశమ్మకు చదువు రాదని ఆయనకు తెలుసు కాబట్టి, నాలుక మొరాయిస్తున్నా ఒక్కో మాటా కూడబలుక్కుని చదివి వినిపించాడు.

"కీర్తి... శేషులు... నెల్లికుదురు... మొండయ్య... జ్ఞాపకార్థం."

పొద్దంతా అవే మాటలు చెక్కిన ఎల్లేశ్ చెయ్యి దీని మీదా అవే చెక్కేసింది.

"నన్ను... సంపి... తెచ్చినవానే" అన్నాడు మొండయ్య, మళ్లీ నవ్వు ఆపుకోలేక.

పోశమ్మకు నవ్వు రాలేదు. బతికున్న మనిషి చేతిలో ఆ మాటలా? "వాని చేతులు ఇరగ! ఇటియ్యి, బాయిల పడేస్త" అంటూ గిన్నె పట్టుకుని లాగింది.

గిన్నె రాలేదు.

ఇంకాస్త గట్టిగా లాగింది. రాలేదు. అప్పుడు చూసింది. ఎడమ చెయ్యి ఒళ్లో ఉంది. పట్టుకున్నది కుడి చెయ్యి. ఆ ముడుచుకున్న వేళ్లు గోళ్లు తెల్లబడేటట్టు బిగుసుకుని, నీకివ్వను పో అంటున్నాయి. మొండయ్య కూడా అప్పుడే చూసుకున్నాడు. ఆయన నవ్వు ఆగిపోయింది. ఇద్దరూ ఆ చేతినే చూశారు.

"నీల్లు... తే" అన్నాడు చివరికి.

పోశమ్మ అద్దం పట్టుకుంది. కుడి చేతిలో గిన్నె వణికింది గానీ జారలేదు. ఎడమ చేతిలో బ్రష్షు తిరిగింది. నురగ లేచింది, ఇద్దరి ముఖాల మీదా చిందింది. బ్రష్షు దించి, అదే చేత్తో రేజరు పట్టి గీసుకుంటే ఒక చెంప నున్నగా తేలేసరికి చాలాసేపు పట్టింది. పట్టనీ, ఎవరికి తొందర?

రెండో చెంప మొదలవుతుండగా ఫోన్ మోగింది. "అవ్వా, నేను ఎల్లేశ్‌ను. పెద్ద తప్పు జరిగింది. జర గిన్నె వాపస్ తే, పేరు గీకి..."

ఫోన్లో మాటలు బయటికే వినబడుతుంటే మొండయ్య ఎడమ చెయ్యి చాచాడు. పోశమ్మ బిత్తరపోతూ ఫోన్ ఇచ్చింది.

"ఎవలూ? ఎల్లేశా? నేను... కీర్తిశేషులు మొండయ్యను... మాట్లాడుతున్న. గిన్నె... మంచిగున్నది. తేను పో."

మొండయ్య ఫోన్ తిరిగి పోశమ్మకు అందించాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో ఉంది. కంచు గిన్నె ఇంకా కుడి చేతిలోనే ఉంది.

"ఇగ మన శోభకు... కలుపు" అన్నాడు. "నేను మాట్లాడుత."