ఏడో రకం ఊ

కోడూరు మండలంలో పిచ్చేశ్వరరావుకి ఉన్న పేరు నాలుగెకరాల మాగాణి వల్ల వచ్చింది కాదు. ఆయన ఊ కొడతాడు, అందుకు వచ్చింది. ఊ కొట్టడం ఎవరికి రాదు అంటారేమో, ఆయన ఊరివాళ్ళు ఒప్పుకోరు. ఒకడు ఎదుటివాడి కథ మధ్యలో తన కథ ఎత్తుకుంటాడు. ఇంకొకడు ఊ కొట్టాల్సిన చోట సలహా ఇస్తాడు. పిచ్చేశ్వరరావు ఆ రెండూ చెయ్యడు. పొద్దున్నే పొలం చూసొచ్చి, చద్దన్నం తిని, అరుగు మీద గోగునార ముందేసుకుని పశువుల పలుపులు పేనుతూ కూర్చుంటాడు. వచ్చినవాడు పక్కన చతికిలబడి మొదలుపెడతాడు. ఈయన తల ఎత్తకుండా ఎక్కడ పడాలో సరిగ్గా అక్కడ "ఊ" అంటాడు. గంటసేపు చెప్పుకున్నాక ఆ మనిషి తేలికపడి, కండువా దులుపుకుని వెళ్ళిపోతాడు. కాలవ నీళ్ళ తగాదాలు, రొయ్యల చెరువుకి తగిలిన తెగులు, అత్తాకోడళ్ళ మాటలు, అన్నీ ఆ అరుగు మీద దిగాల్సిందే.

1998 వేసవిలో, కాలవలు కట్టేసిన రోజుల్లో, వేదశ్రీ అనే అమ్మాయి టేపురికార్డరు భుజాన వేసుకుని ఆ ఊళ్ళో బస్సు దిగింది. బందరులో లెక్కల మాస్టారి కూతురు. యూనివర్సిటీలో భాషాశాస్త్రం మీద పరిశోధన చేస్తోంది. టీచరు అన్నమ్మగారింట్లో గది తీసుకుంది. ఏం చదువుతున్నావమ్మా అని అన్నమ్మగారు అడిగితే "డిస్కోర్సండీ" అంది. మర్నాటికల్లా డిస్కో కోర్సు చదివే పిల్ల దిగిందని ఊరంతా పాకింది. ఇద్దరు ముగ్గురు తల్లులు తమ ఆడపిల్లల్ని అటు వెళ్ళొద్దన్నారు కూడా.

పిచ్చేశ్వరరావు అరుగు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది.

"మాటకి మాట ఎట్లా అతుక్కుంటుంది, ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్ళు దాన్నెట్లా నడిపిస్తారు, అదండీ నేను చూసేది."

"నడిపించేది చెప్పేవాడు గదమ్మా."

"కాదండీ. మీరు. మీరు ఊ అనకపోతే ఆ కథ అక్కడే కూలబడుతుంది."

యాభై ఎనిమిదేళ్ళ జీవితంలో ఎడ్లబండి తప్ప తను ఇంకేదైనా నడిపిస్తున్నానని పిచ్చేశ్వరరావుకి ఎవరూ చెప్పలేదు. ఆ పూట ఆయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. భార్య సరోజిని అది గమనించి, ఏమిటి సంగతి అని అడిగి, జవాబు కోసం ఆగకుండా మొవ్వలో ఉన్న వాళ్ళక్క సంగతి చెప్పుకుంటూ గిన్నెలు కడిగింది. ఆయన ఊ కొట్టాడు.

నలభై రోజులు రికార్డు చేసింది వేదశ్రీ. మొదట్లో జనం మైకుని చూసి సిగ్గుపడ్డారు. మూడోరోజు ఇస్త్రీ చొక్కాలేసుకొచ్చారు. వారం తిరిగేసరికి మైకు ఉందన్న సంగతే మర్చిపోయి ఎప్పట్లాగే చెప్పుకున్నారు. చెప్పేవాళ్ళ మాటలు ఆ అమ్మాయికి అక్కర్లేదు. స్టాప్‌వాచీ పట్టుకుని ఊలు మాత్రం ఏరుకుంది. ఒక్కోటి ఎంతసేపు ఉంది, పైకి లేచిందా, కిందికి దిగిందా, నోట్లోంచి వచ్చిందా, ముక్కులోంచి వచ్చిందా, అన్నీ పుస్తకంలో రాసుకుంది.

ఎవరి దగ్గర సేకరించామో వాళ్ళకి ఫలితం చెప్పి తీరాలని ఆమె ప్రొఫెసరు నియమం. అందుకని వెళ్ళేముందు పంచాయతీ ఆఫీసులో మీటింగు పెట్టింది. స్కూలు నించి నల్లబల్ల తెప్పించారు. పిచ్చేశ్వరరావుకి సర్పంచి పక్కన కుర్చీ వేశారు. ఆయన తెల్లపంచె కట్టుకుని కూర్చున్నాడు.

"మొత్తం రెండువేల మూడువందల పదహారు ఊలు దొరికాయండీ. ఇవి తొమ్మిది రకాలు" అని వేదశ్రీ ఒక్కోటి వినిపించింది. మొదటి రకం, చెప్పు చెప్పు అనేది. రెండోది, శ్రద్ధగా విన్నాను, మనసులో పెట్టుకున్నాను అనేది. అయిదోది, అయ్యో పాపం అనేది. టేపు తిరుగుతుంటే జనం తలలు ఊపారు, తమకి పడ్డవి గుర్తుపట్టి ఒకళ్ళనొకళ్ళు పొడుచుకున్నారు. ఆరోదాకా పెళ్ళిసందడిలా గడిచింది.

"ఏడోది చాలా చిన్నదండీ. ముక్కులోంచి వచ్చి, చివర కిందికి జారుతుంది. చెప్పేవాళ్ళు ఊపిరి తీసుకునే చోట కచ్చితంగా పడుతుంది. చెప్పే మాటతో మాత్రం దీనికి ఏ సంబంధమూ లేదు."

"అంటే ఏంటమ్మా?" అన్నాడు సర్పంచి.

"అంటే, వినట్లేదనండీ."

"నువ్వెట్టా చెప్పగలవు?"

"ఒకాయన మధ్యలో, నా మాట వింటున్నావా బావా, అని అడిగారండీ. ఇదే పడింది. వినట్లేదు గదా, అన్నారు. మళ్ళీ ఇదే పడింది."

వెనక బెంచీలో రొయ్యల చెరువుల పూర్ణచంద్రరావు లేచి నిలబడ్డాడు. "ఆ ఒకాయన్ని నేనే" అన్నాడు. అందరూ నల్లబల్ల వంక తిరిగారు. అప్పటికే నల్లబల్ల మీద లెక్క రాసి ఉంది. రెండువేల మూడువందల పదహారులో ఏడో రకం పదహారువందల నాలుగు. పేర్లు రాయలేదు గానీ, పొడి అక్షరాలు వేసింది. పూ.రా. అని ఉన్నచోట నలభై ఒకటికి ముప్ఫై తొమ్మిది ఏడో రకమే.

పిచ్చేశ్వరరావు కుర్చీలోంచి కదల్లేదు. ఆయనకి కోపం రాలేదు. తను వింటున్నాననే ఇన్నాళ్ళూ అనుకున్నాడు. మనిషి చెబుతుంటే చల్లగా ఉంటుంది, చేతిలో పలుపు పేనుకుంటూ ఉంటుంది, మనసు చేలో తుంగ మీదికో, దేని మీదికీ కాకుండానో వెళ్తుంది. దాన్నే వినడం అంటారనుకున్నాడు. పోనీ ఎవరేం చెప్పారో గుర్తు తెచ్చుకుందామని చూశాడు. పూర్ణచంద్రరావు చెప్పినదాంట్లో 'బావా' అన్న మాట ఒక్కటే తగిలింది.

వారం రోజులు అరుగు మీదికి పిట్ట రాలేదు. పాలు పోసే మనిషి కూడా ఖాళీ చెంబు గడప దగ్గర పెట్టి వెళ్ళిపోయాడు. "అంతమందిని ఏడిపించిన మనిషికి పాలెందుకు" అన్నాడట.

ఎనిమిదోనాడు మధ్యాహ్నం పోస్టాఫీసు సత్యవతి వచ్చింది. ఆ ఊరి ఉత్తరాలన్నీ ఆవిడ చేతి మీదుగానే వెళ్తాయి. చెప్పులు విప్పకుండానే అరుగు అంచున కూర్చుంది.

"బాబాయ్, నల్లబల్ల మీద పో.స. అంటే నేనేగా. నాకు ఏడోవి మూడే పడ్డాయి. మిగతావన్నీ రెండోవి. అంటే నువ్వు విన్నావు."

"ఏమోనమ్మా."

"ఉత్తరాల సంగతి విన్నావా?"

"ఏ ఉత్తరాలు?"

"ఇచ్చేముందు నేను ఆవిరి పట్టి చదువుతానని చెప్పాగా."

ఈసారి పిచ్చేశ్వరరావు నిజంగా విన్నాడు. సత్యవతికి ఏడుపొక్కటే తక్కువ. "ఆ అమ్మాయితో చెప్పి నావి ఏడోవిగా మార్పించెయ్యి బాబాయ్, నీకు పుణ్యముంటుంది" అని రెండు చేతులూ పట్టుకుంది.

ఆవిడ వెళ్ళిన దారినే, ఏడోవి పడడమే మేలన్న విషయం ఊళ్ళోకి వెళ్ళింది. అప్పుడు గానీ జనానికి బుర్ర వెలగలేదు. పిచ్చేశ్వరరావు వినలేదంటే, చెప్పినవన్నీ ఎక్కడా నిలవలేదన్నమాట. అర్ధరాత్రి తూము ఎవరెత్తారో, పెళ్ళిచూపుల్లో అబ్బాయి వయసు ఎంత తగ్గించారో, ఏదీ ఎవరికీ తెలియదు. తిట్టిన నోళ్ళే అమ్మయ్య అనుకున్నాయి. ఏడోవి ఎక్కువ పడ్డవాళ్ళు రొమ్ము విరుచుకుని తిరిగారు. రెండోవి పడ్డవాళ్ళు దొడ్డిదారిన వచ్చి బతిమాలుకున్నారు. పూర్ణచంద్రరావు అందరికంటే ముందొచ్చి తన చోట తను కూర్చున్నాడు.

"బావా, మనసులో ఏమీ పెట్టుకోకు. ఒక సంగతి చెప్పాలి. ఏడో నంబరు వెయ్యి."

పిచ్చేశ్వరరావు పలుపు అందుకున్నాడు. పూర్ణచంద్రరావు మొదలుపెట్టాడు. వినకూడదు అనుకున్నాడు పిచ్చేశ్వరరావు. తుంగ గురించి ఆలోచించాడు. ఎంత ఆలోచించినా ప్రతి మాటా తేలు కుట్టినట్టు చెవిలో దిగుతోంది. కింది పొలాలవాళ్ళ వంతులో నీళ్ళన్నీ తన చెరువుకి మళ్ళించుకుంటున్న సంగతి ఆయన చెబుతుంటే "మనూరి కాలవేనా?" అని నోరు జారాడు.

పూర్ణచంద్రరావు లేచిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆ తర్వాత వచ్చినవాళ్ళకీ అదే గతి పట్టింది. చెవుల్లో దూది పెట్టుకుని చూశాడు. లోపల ఎక్కాలు చదువుకుంటూ చూశాడు. ఏడో రకం రాలేదు. వేదశ్రీ కోరితే ఎనిమిది, తొమ్మిది రకాలు కూడా తెప్పించగలిగేవాడు, ఏడోది మాత్రం గొంతులో ఎండిపోయింది.

ఆగస్టులో వేదశ్రీ దగ్గర్నించి కబురొచ్చింది. బందరులో సదస్సు పెడుతున్నారు, ఢిల్లీలో స్థిరపడ్డ తెలుగు ప్రొఫెసరొకాయన వస్తున్నారు, ఆయన ఏడో రకాన్ని ఒప్పుకోవట్లేదు, మీరు రావాలి బాబాయిగారూ అని. పిచ్చేశ్వరరావు వెళ్ళాడు. ఒక కాలేజీ హాల్లో పాతికమంది పండితులు కూర్చుని ఉన్నారు. ఆయన్ని స్టేజీ మీద, పెద్ద ప్రొఫెసరుకి ఎదురుగా కూర్చోబెట్టారు. ఇద్దరి మధ్యా టేపురికార్డరు పెట్టారు.

"అర్థం లేని పలుకు సంభాషణలో ఉండదు" అన్నాడు ప్రొఫెసరు. "వినని మనిషి పలికితే అది పలుకే కాదు, దగ్గులాంటిది. ఇది ఆ అమ్మాయి పొరపాటు. ఇప్పుడు నేను మాట్లాడతాను. మీకు ఏడోది వస్తే అనండి."

ముప్పావుగంట మాట్లాడాడు. పిచ్చేశ్వరరావు కళ్ళు మూసుకున్నాడు, తెరిచాడు, చెమటలు పోసుకున్నాడు. ఆయనకి సగం మాటలు తెలియవు, అయినా ఒక్కటీ వదల్లేకపోయాడు. ఊ అన్నప్పుడల్లా అది రెండోదే అని తనకే తెలిసింది. ప్రొఫెసరు చేతులు జాపి, చూశారుగా అన్నట్టు హాలు వంక చూశాడు. వేదశ్రీ మొహం పాలిపోయింది.

"టేపు వేసి సరిచూసుకోవడం పద్ధతి" అంది సన్నటి గొంతుతో.

టేపు వేశారు. ప్రొఫెసరు గొంతు, దాని కింద పిచ్చేశ్వరరావు రెండో రకాలు. వాటితోపాటు ఇంకేవో వినిపించాయి. చిన్నవి, ముక్కులోంచి వచ్చి చివర కిందికి జారేవి, ప్రొఫెసరు ఊపిరి తీసుకున్న ప్రతిచోటా పడ్డవి. వేదశ్రీ వెనక్కి తిప్పి మళ్ళీ వేసింది. అవి స్టేజీ మీంచి వచ్చినవి కావు. ముందు వరసలోంచి వచ్చాయి. ఆ వరసలో నలుగురు శాఖాధిపతులూ, వేదశ్రీ గైడూ కూర్చుని ఉన్నారు. లెక్కపెడితే అరవై రెండు తేలాయి.

కాసేపటికి అధ్యక్షుడు లేచి టీ విరామం అన్నాడు. గంట ముందుగానే. టీ తాగేటప్పుడు ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు, ఎదుటివాడు ఊ అంటాడేమోనని. ఏడో రకం ఉందని మాత్రం ఆ తర్వాత ఎవరూ కాదనలేదు. శీతాకాలంలో వేదశ్రీ నుంచి ఉత్తరం వచ్చింది. "డాక్టరేటు ఇచ్చారంట బాబాయ్, గుడివాడలో లెక్చరరుగా చేరుతోందంట" అంటూ సత్యవతి అంటించిన కవరు చేతికిచ్చింది.

ఆ మధ్యకాలంలో పిచ్చేశ్వరరావు ఇంట్లో ఇంకొకటి జరిగింది. సదస్సు నించి వచ్చిన మర్నాడు సరోజిని చింతపండులో గింజలు తీస్తూ ఎప్పటిలాగే వాళ్ళక్క ఇందిరాదేవి మీద ఎత్తుకుంది. అక్కాచెల్లెళ్ళకి పన్నెండేళ్ళుగా మాటల్లేవు. ఎందుకు లేవో సరోజిని వందసార్లు చెప్పి ఉంటుంది. పిచ్చేశ్వరరావు మొదటిసారి విన్నాడు.

"మోపిదేవిలో చుట్టాలపిల్లాడి పుట్టువెంట్రుకలనాడు అంతమందిలో అడిగింది. నీ మొగుడికి చెవుడా ఏంటే, నువ్వన్నదానికి ఒక్కటీ బదులు చెప్పడు, అని. నా మొగుణ్ణి అంత మాటంటే నేనూరుకుంటానా? మా ఆయన అన్నీ వింటాడు, నీ మొగుడిలాగా మధ్యలో అడ్డు రాడు, అన్నాను. అంతే."

"దీనికా?" అన్నాడు పిచ్చేశ్వరరావు.

సరోజిని చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. పన్నెండేళ్ళుగా చెబుతున్న ఈ కథలో ఆ చోట ఎవరూ ఏమీ అడగలేదు. లేచి లోపలికెళ్ళి, మంచినీళ్ళు తాగి వచ్చింది.

"మీకు ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. మీ అక్క చెప్పింది నిజమే గదా సరోజా."

"నిజమని నాకు తెలియదా ఏంటి?" అంది ఆవిడ. "మీరు వినరనే గదా అన్నీ చెప్పుకున్నాను. అయినా అది అనడమేంటి, అంతమందిలో."

ఆ వారంలోనే ఇద్దరూ చల్లపల్లిలో బస్సు మారి మొవ్వ వెళ్ళారు. ఇందిరాదేవి మొదట గుమ్మంలో బిగుసుకుని నిలబడింది, తర్వాత చెల్లెల్ని పట్టుకుని ఏడ్చింది, తర్వాత కుర్చీలు వేయించి పన్నెండేళ్ళదీ చెప్పడం మొదలుపెట్టింది. పిచ్చేశ్వరరావు ముందుకు వంగి కూర్చున్నాడు.

"అది ఏ ఏడు వదినగారూ? అప్పటికి మీ మరిది వేరుపడ్డాడా? గేదె ముందు పోయిందా, గోడ ముందు కూలిందా? ఇందాక దక్షిణం గోడన్నారు, ఇప్పుడు తూర్పంటున్నారు."

గేదె గోడకి ముందో వెనకో తేల్చడానికే అరగంట పట్టింది. ఇందిరాదేవి మూడుసార్లు మొదటికొచ్చింది. చివరికి వడ్డన మధ్యలో గరిటె పట్టుకుని ఆగిపోయింది.

"ఏమే సరోజా, మీ ఆయనేంటే, ఒక్క ముక్క సాగనివ్వడు."

"ఆయనంతే అక్కా" అంది సరోజిని, పప్పులో నెయ్యి వేసుకుంటూ. "ఏదీ వదిలిపెట్టడు."

పిచ్చేశ్వరరావు విస్తట్లోంచి తలెత్తి, మరి ఆ గోడ సంగతి ఏమైందని అడిగాడు.