ఇంటి బువ్వ తినరాని పందెం

ఆ ఆదివారం పొద్దున నాచారంలోని ఆ ఇంట్లో నలుగురున్నారు. వంటింట్లో లింగమ్మ, ముందు గదిలో కుర్చీలో ఆమె భర్త హనుమాండ్లు, ఆలేరు నుంచి వచ్చి దిగిన లింగమ్మ తమ్ముడు సాంబయ్య, కిటికీ పక్కన ఫోను ఒళ్లో పెట్టుకొని కూర్చున్న మనవరాలు గౌతమి. ఆ ఇంటి చిన్నబిడ్డ శిరీష ఇంట్లో లేదు గానీ, ఫోనులో ఉంది. పటం మీద పచ్చ చుక్కై మల్లాపూర్ దగ్గర మెల్లగా కదులుతోంది.

శిరీష ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తుంది. బస్సుల్లో నలిగిపోవడం చేతగాక డ్యూటీకి సైకిల్ మీద పోవడం మొదలుపెట్టింది. ఆ సైకిలే ఆమెను ముందు భువనగిరి దాకా, తర్వాత జనగామ దాకా, ఆ తర్వాత ఇంట్లోవాళ్లు పేరైనా వినని ఊళ్ల దాకా లాక్కుపోయింది. చివరికి ఈ పందెంలో దింపింది. బాసరలో గోదావరి ఒడ్డున బయలుదేరి, అడవులూ పల్లెలూ తిరిగి తిరిగి, మళ్లీ భద్రాచలంలో గోదావరిని చూడాలి. వెనక కారు రాదు. బట్టలు, దుప్పటి, ట్యూబులు, పంపు, పల్లీపట్టీలు అన్నీ సైకిల్‌కే కట్టుకోవాలి. చెడిపోతే తానే బాగు చేసుకోవాలి. దారిలో ఎవరికైనా దొరికేది ఏదైనా కొనుక్కోవచ్చు. హోటల్లో తినొచ్చు, బస్టాండులో పడుకోవచ్చు. తనవాళ్ల చేతి నుంచి మాత్రం మంచినీళ్లు కూడా తాగకూడదు.

లింగమ్మకు మొత్తం పందెంలో మింగుడుపడనిది ఆ ఒక్క ముక్కే. దూరం పోనీ, ఎండ పోనీ, అడవి పోనీ. ఊరుగాని ఊళ్లో ఎవరో అమ్మిన మిర్చీబజ్జీ తినొచ్చట, కన్నతల్లి అన్నం పెడితే తప్పట. ఈ మాట చెప్పినవాడికి తల్లి లేదా అని ఆమె చాలాసార్లు అడిగింది.

ఆ నియమం ఎంత గట్టిదో పోయిన ఏడు ఆ ఇంటికి తెలిసొచ్చింది. రోడ్డు ఆలేరు మీదుగా పోతుందని తెలిసి సాంబయ్య మేనకోడలికి ఎదురువెళ్లాడు. ఒట్టి చేతులతో వెళ్లలేదు. డప్పులు పెట్టించాడు, పూలదండ తెచ్చాడు, శాలువా కప్పాడు. వాడకట్టంతా చూస్తుండగా ఇంట్లోకి తీసుకుపోయి నాటుకోడి కూరతో అన్నం పెట్టాడు. అంతమంది ముందు మామ చెయ్యి విడిపించుకోవడం శిరీష వల్ల కాలేదు. ఆ ఫోటో సాంబయ్య తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాడు. దాని కింద, మా కోడలు మా ఇంట్ల తిని మల్ల బయలెల్లింది అని గర్వంగా రాసుకున్నాడు. ఆ స్టేటస్ ఎవరి కంటా పడకముందే శిరీష పందెం నడిపేవాళ్లకు తానే ఫోన్ చేసి సంగతి చెప్పింది. పేరు కొట్టేశారు. పేరు లేకుండానే ఆమె భద్రాచలం దాకా తొక్కింది. తిరిగొచ్చాక మామను ఒక్క మాట అనలేదు.

అందుకే ఈసారి పందెం మొదలవకముందే లింగమ్మ తమ్ముణ్ని నాచారం పిలిపించుకుంది. ఆలేరులో ఉంటే చేతులు ఊరుకోవని ఆమెకు తెలుసు. సాంబయ్య వచ్చాడు గానీ బుర్ర ఊరుకోలేదు. ఈసారి పందెం వీళ్ల సందు మొగ ముందునుంచే పోతుందని వినగానే ఒక ఉపాయం తీశాడు.

"అక్కా, సందు మొగల చలివేంద్రం పెడుదాం. అందరికీ దొరికేదైతె తాగొచ్చన్నరు గదా. అందరితోపాటు మన పిల్ల తాగుతది. ఎవలేమంటరు?"

"చలికాలంల చలివేంద్రమేందిరా," అన్నది లింగమ్మ. "స్వెట్టర్లేసుకొని వచ్చి తాగుతరా నీ నీళ్లు?"

హనుమాండ్లు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. శిరీష కూడా నవ్వింది. ఆమె కోసం పెట్టింది ఎంతమంది తాగినా ఆమె కోసం పెట్టిందే అవుతుందని మామకు నెమ్మదిగా నచ్చజెప్పింది.

గౌతమి ఆ నవ్వుల్లో కలవలేదు. ఆమె పల్లెటూరి బడిలో పది చదివి, ఉప్పల్‌లో ఇంటర్ చదవడానికి అమ్మమ్మ ఇంటికి వచ్చిన పిల్ల. నోట్లోంచి మాట బయటికి రాదు. కాలేజీలో హాజరు పిలిచినప్పుడు ఆమె పలికేది పక్క బెంచీకి కూడా వినబడక, క్లాసులో కూర్చొని ఉండగానే ఆబ్సెంట్ పడిన రోజులున్నాయి. ఆ పిల్లకు చిన్నమ్మ దగ్గర మాత్రం భయం లేదు. డ్యూటీ నుంచి వచ్చి శిరీష డాబా మీద సైకిల్ తలకిందులుగా నిలబెడితే, గౌతమి పక్కన చేరి పానాలు అందించేది.

అలా చూసిందే ఆమెకు పందెం. తొక్కేది తర్వాత, ముందున్నదంతా తయారీనే అని ఆ డాబా మీదే అర్థమైంది. సైకిల్ చట్రం మధ్య ఖాళీకి సరిపోయే సంచి ఎక్కడా దొరక్కపోతే, రామంతాపూర్‌లో ఆటో సీట్లు కుట్టే దుకాణంలో లారీ టార్పాలిన్‌తో కుట్టించుకుంది శిరీష. కళ్లకు చున్నీ కట్టుకొని ట్యూబు మార్చడం నేర్చుకుంది. చీకట్లో టార్చి పాడైతే ఏం చేస్తావని తనను తానే అడుగుతుంది, జవాబు దొరికేదాకా మళ్లీ మళ్లీ చేస్తుంది. బస్టాండు అరుగు మీద నిద్ర పట్టాలంటే అలవాటుండాలని డాబా సిమెంటు మీద దుప్పటి కప్పుకొని పడుకునేది. లింగమ్మ కింద నుంచి, ఇంట్ల మంచమున్నది, మేం ఇంక బతికే ఉన్నం అని కేకేసేది. మానెయ్యవే అని ఆమె అడగని రోజు లేదు. శిరీష సరే అనలేదు, కాదనీ అనలేదు. పొద్దున్నే లేచి మళ్లీ పంపు అందుకునేది.

గౌతమికి ఆశ్చర్యమంతా అక్కడే. చిన్నమ్మ గట్టిగా అరవదు, ఎవరినీ ఎదిరించదు. తనలాగే మెత్తటి మనిషి. అయినా అనుకున్నది వదలదు. మెత్తగా ఉంటూ కూడా అలా ఉండొచ్చని ఆమెను చూసేదాకా గౌతమికి తెలియదు.

పందెం మొదలైనప్పటి నుంచి ఆ ఇంట్లో అందరి చూపూ చుక్క మీదే. ఒక్కో సైకిల్‌కు ఒక్కో చిన్న డబ్బీ కట్టారు. అది ఎక్కడుంటే ఫోనులోని పటం మీద అక్కడ చుక్క కనబడుతుంది. లింగమ్మ మాత్రం మొదట్లో దానివైపు చూడనే లేదు. చుక్కకు ఆకలేస్తదా, నిద్రొస్తదా, నాకెందుకది అని చిక్కుడుకాయలు ముందేసుకొని కూర్చుంది.

శనివారం మధ్యాహ్నం చుక్క మెదక్ దాటింది. అక్కడ నర్సాపూర్ అడవి దారి పట్టాల్సింది పోయి రామాయంపేట రోడ్డెక్కింది. గౌతమి పటం పెద్దది చేసి మళ్లీ చూసింది. ఫోన్ చేసి చెప్పడానికి లేదు, అదీ సాయమే అవుతుంది. చుక్క అలా పోయి పోయి రామాయంపేట ఊళ్లో ఆగింది.

"తప్పు తొవ్వల పోయింది అమ్మమ్మా," అంది గౌతమి, ఎప్పటిలాగే లోగొంతుకతో.

లింగమ్మ ఈనెలు తీయడం ఆపింది. "అయితె ఇగ యాడికి పోతది?"

గౌతమి పటం దగ్గరగా పెట్టి చూపించింది. రామాయంపేట నుంచి పెద్ద హైవే ఉంది. నేరుగా మేడ్చల్ వస్తుంది, గుంతలుండవు, అడవి ఉండదు. కానీ పందెం దారి అది కాదు. దారి తప్పినవాళ్లు ఎక్కడ తప్పారో అక్కడికే తిరిగి పోయి, అక్కణ్నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

"ఇప్పుడు మల్ల మెదక్ పోవాల్నా? పాగలా ఏంది," అంది లింగమ్మ. "ఆ పెద్ద రోడ్డు మీద రమ్మను. మేడ్చల్ల కలుస్తది గదా."

చుక్క చాలాసేపు కదల్లేదు. అమ్మమ్మా మనవరాలూ ఫోను మీదికి వంగి అలాగే ఉన్నారు. పొయ్యి మీద పాలు పొంగి పోయినా లింగమ్మ లేవలేదు. తర్వాత చుక్క కదిలింది. హైవే వైపు కాదు, వచ్చిన దారినే, మెదక్ వైపు వెనక్కి.

"వెనకకు ఎందుకు పోతున్నదే?" లింగమ్మ గొంతు తగ్గింది. "ఎవలన్న చూస్తున్నరా అక్కడ?"

"ఎవ్వలు లేరు అమ్మమ్మా. ఒక్కతే."

లింగమ్మ చిక్కుడుకాయలు మళ్లీ చేతిలోకి తీసుకుంది గానీ, వాటివైపు చూడకుండానే ఒలిచింది. ఆ సాయంత్రమంతా చుక్క యాడున్నది, అడవి దాటిందా, ఆగిందా అని ఆమె అడుగుతూనే ఉంది. పొద్దుగూకాక చుక్క నర్సాపూర్ బస్టాండు దగ్గర ఆగితే, పండుకున్నట్టున్నది పాపం, ఇంక ఫోను కదిలియ్యకు అంది, ఫోను కదిలిస్తే కూతురికి మెలకువ వస్తుందేమో అన్నట్టు. మానెయ్యాలనే మాట మాత్రం ఆ పూట ఆమె నోట రాలేదు.

తెల్లవారేసరికి ముసురు పట్టింది. మంచు, పైగా చినుకులు. చుక్క మేడ్చల్ దాటి, కీసర వైపు ఊళ్లన్నీ చుట్టి, మల్లాపూర్ వచ్చింది. సందు మొగలో నిలబడి చూడొద్దా అని సాంబయ్య గునిశాడు. వద్దని హనుమాండ్లు కూర్చోబెట్టాడు. చూస్తే పిలుస్తాం, పిలిస్తే వస్తుంది అన్నాడు. లింగమ్మ వంటింట్లో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతోంది. అన్నం వార్చింది, పప్పు పోపు పెట్టింది. ఎవరి కోసం అని ఎవరూ అడగలేదు.

చుక్క ఫ్యాక్టరీల రోడ్డు దాటింది. సందు మొగ దాకా వచ్చింది. నేరుగా ఉప్పల్ పోవాలి.

ఆగింది.

"అయ్యో, నిలబడ్డది," అన్నాడు సాంబయ్య, గౌతమి భుజం మీదుగా చూస్తూ.

చుక్క సందులోకి తిరిగింది. గౌతమి ఫోను పక్కన పెట్టి కిటికీలోంచి చూసేసరికి శిరీష గేటు ముందే ఉంది. టార్పాలిన్ సంచులకు ఎర్రమట్టి పట్టి కట్టుకుపోయింది. పెదాలు పగిలాయి. హ్యాండిల్ పట్టుకున్న వేళ్లు తియ్యబోతే తెరుచుకోవడం లేదు. ఒక్కో వేలూ రెండో చేత్తో విడదీసుకొని, సైకిల్‌ను గోడకు ఆనించింది. హనుమాండ్లు ఒక్క ఉదుటున లేచి తలుపు తీశాడు.

"బాపూ, ఇగ నాతోని కాదు," అంది శిరీష మెట్టు కింద నిలబడి. "జర లోపలికి రానియ్యి."

"రా బిడ్డా, రా. వచ్చే ఏడు చూసుకుందాం."

సాంబయ్య గౌతమి వైపు తిరిగాడు. "ఫోను బందు పెట్టు పిల్లా. ఇంత తిని, జరసేపు ఒరిగి పోతది. ఎవనికి తెలుస్తది?"

"నేనే చెప్త మామా," అంది శిరీష. ఆమె నవ్వబోయింది గానీ పగిలిన పెదవి నవ్వనివ్వలేదు. "చెప్పి ఇడిసిపెడ్త. అయిపోయింది ఇగ."

పప్పు వాసన గుమ్మం దాకా వచ్చింది. శిరీష కళ్లు మూసి తెరిచింది. ఒక కాలు మెట్టు మీద పెట్టింది. ఇంకో అడుగు వేస్తే లోపల ఉంటుంది. ఇన్నాళ్ల డాబా మీది పని, అడవి, చలి అన్నీ ఆ గడప బయటే ఉండిపోతాయి. గౌతమి కిటికీ దగ్గర నుంచి లేచింది. ఇంతమంది ముందు ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు.

"చిన్నమ్మా," అంది. "రామాయంపేట నుంచి నువ్వు వెనకకు పోయినవ్ గదా. మేం చూసినం. నేనూ, అమ్మమ్మా."

శిరీష మెట్టు మీద అలాగే ఆగిపోయింది.

లింగమ్మ వంటింట్లోంచి వచ్చింది. చేతిలో పళ్లెం, పళ్లెంలో పొగలు కక్కే అన్నం. కూతుర్ని తల నుంచి కాళ్ల దాకా చూసింది. కొన్నాళ్లుగా ఏ మాట కోసం మొత్తుకుందో ఆ మాట తన గుమ్మంలోకే నడిచొచ్చింది.

లింగమ్మ పళ్లెం తీసుకుపోయి భర్త చేతిలో పెట్టి, గడప దగ్గరికి వచ్చింది. చేయి చాచి కూతురి నుదురు తాకబోయి, అందకముందే వెనక్కి తీసుకుంది.

"జొరమున్నదా?"

"లేదమ్మా."

"యాడన్న పడ్డవా? దెబ్బ తాకిందా?"

"తాకలే."

"సైకిల్ ఖరాబైందా?"

"లేదు. మంచిగనే ఉన్నది."

"మరేమైందే?"

శిరీష తల దించుకుంది. "ఏం కాలేదమ్మా. ఇల్లు కనవడ్డది, గంతే."

లింగమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకోలేదు. ఒక చేయి తలుపు ఒక రెక్క మీద, ఇంకో చేయి ఇంకో రెక్క మీద వేసింది.

"రోడ్డు మీద కొమురెల్లి హోటల్ తెరిచే ఉన్నది," అంది. "ఉడుకుడుకు ఇడ్లీలు దించుతుంటడు. పైసలిచ్చి కడుపు నిండ తిను. పొయ్యి కాడ చేతులు కాపుకో. ఒళ్లు ఎచ్చగైనంక నీ తొవ్వన నువ్వు పో బిడ్డా. కనవడ్డదే తిప్పలైతె, ఇల్లు నీకు కనవడకుంట నేను జేస్త."

అక్కా అని సాంబయ్య ముందుకు రాబోయాడు. శిరీష తల్లి మొహంలోకి చూసి, మెట్టు మీది కాలు వెనక్కి తీసింది. లింగమ్మ రెండు రెక్కలూ దగ్గరికి లాగి, కూతురి మొహం మీదే తలుపు వేసి గడియ పెట్టింది.