మరొకరి పేరు పడ్డ కంచం

నేను ఒక స్టీలు కంచాన్ని. వెండిని కాను, కంచును కాను. పండగనాడు బయటికి తీసి, చింతపండుతో తోమి, మళ్లీ గుడ్డలో చుట్టి దాచుకునే జాతి కాదు మాది. రోజుకు రెండు పూటలు అన్నం, రెండు పూటలు బూడిద. అంతే మా బతుకు.

మద్రాసు శివార్లలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. గుండ్రంగా కోసిన రేకును యంత్రం కింద పెడితే ఒక్క దెబ్బకు కంచాన్నయ్యాను. తర్వాత ఒకాయన నా అంచును చుట్టూ మడిచాడు. నా మీద దయతో మడిచాడనుకున్నాను. తినేవాళ్ల వేళ్లు తెగకుండా మడిచాడని తర్వాత తెలిసింది. అక్కడి నుంచి రైలెక్కి అనకాపల్లి వచ్చి, పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఒక మనిషి గంపలో పడ్డాను. ఆ గంపలోంచి నన్ను ఏరుకున్నది నూకరత్నం.

నూకరత్నం పశువుల ఆసుపత్రి కాంపౌండరు సన్యాసిరావుకి రెండో భార్య. మొదటి భార్య ఇందుమతి నాలుగేళ్ల పిల్లను వదిలేసి పచ్చకామెర్లతో పోయింది. ఏడాది తిరక్కుండా నూకరత్నాన్ని తెచ్చారు. పిల్ల శైలజకి తల్లి కావాలి, ఆయన తల్లి గౌరమ్మకి చేతి సాయం కావాలి. నూకరత్నానికి ఏం కావాలో అడిగిన వాళ్లు లేరు.

ఆ ఇంట్లో స్టీలు సామానంతా ఇందుమతి సారెలో వచ్చింది. కంచాలు, గ్లాసులు, పులుసు గిన్నె, నేతి గిన్నె, ఆఖరికి ఉప్పు వడ్డించే చెంచా. అన్నిటి మీదా చుక్కలు చుక్కలుగా ఆవిడ పేరు సన్యాసిరావే కొట్టించి తెచ్చాడు. పెళ్లిళ్లకీ పేరంటాలకీ ఇరుగుపొరుగు సామాను తెచ్చుకునే ఊళ్లలో, ఒకరి గిన్నె ఒకరింటికి పోకుండా పేరు కొట్టించుకోవడం మంచి జాగ్రత్తే. మనిషి పోయాక ఆ పేరు ఎక్కడికి పోవాలన్నది మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

కాపురానికొచ్చిన మొదటి రోజునే గౌరమ్మ కోడలికి చెప్పేసింది. "ఆ పేరున్న కంచంలో నువ్వు తినకే. ఆవిడొచ్చి నీ పక్కన కూకుంటాది. నీ మంచికే సెప్తన్నాను." ఆ మాటలో విషం లేదు. ఆమె నిజంగా నమ్మింది. నమ్మి, అన్నం గిన్నె మీద మూతగా వాడే సొట్టల సత్తు పళ్లెం ఒకటి తీసిచ్చింది. అందరూ తిన్నాక, వంటింటి గడప దగ్గర కూర్చుని నూకరత్నం దాన్లోనే తినేది. అందరూ తినేదాకా మూత, తిన్నాక కంచం. ఆ పళ్లెం తనకి రెండు ఉద్యోగాలని నాతో గొప్పలు చెప్పుకునేది.

అన్నం తినడానికి ఒక గిన్నె కనిపెట్టిన మనిషి, ఎవరి స్థానం ఎంతో చెప్పడానికి పది రకాలు కనిపెట్టాడు. ఆసుపత్రి డాక్టరుగారు వస్తే గులాబీ పువ్వు వేసిన పింగాణీ కప్పూ సాసరూ. చుట్టాలొస్తే స్టీలు గ్లాసు. పేడ ఎత్తే ముసలాయనకి పెరటి గూట్లో బోర్లించిన గాజు గ్లాసు. ఎవరూ ఏమీ అనక్కర్లేదు. చేతికి వచ్చిన గిన్నె చూసి ఎవరికి వారు తెలుసుకోవాలి. నూకరత్నం కూడా తెలుసుకుంది. రెండేళ్లపాటు తెలుసుకుంటూనే ఉంది.

ఆ తర్వాత ఒకరోజు గంప మనిషిని వీధిలోంచి పిలిచింది. పుట్టింటివాళ్లు పెట్టిన జరీ చీర ఒకటి, నేత చీరలు మూడు గడప మీద పెట్టింది. గంప మనిషి జరీని గోటితో గీకి చూసి పెదవి విరిచింది. నూకరత్నం బేరం ఆడలేదు. గంపలో చెయ్యి పెట్టి ఒక్కొక్క కంచాన్నీ వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది. ఏ మచ్చా, ఏ రాతా లేదని రూఢి చేసుకుని నన్ను తీసుకుంది.

"నాలుగు చీరలకి ఒక్క కంచమే తీసుకుంటావేటమ్మా? గ్లాసు కూడా పట్టుకుపో" అంది గంప మనిషే జాలిపడి.

"గ్లాసక్కర్లేదు. కంచం చాలు."

ఆ సాయంత్రం భర్త చేతికి నన్నిచ్చి, సామాన్ల కొట్లో పేరు కొట్టించి తెమ్మంది. ఎవరి పేరని చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని ఆమెకు తోచలేదు.

సన్యాసిరావు చెడ్డవాడు కాదు. ఆరోజు ఎవరిదో గేదె అడ్డం తిరిగిన దూడతో తంటాలు పడుతుంటే మధ్యాహ్నం నుంచీ దాని దగ్గరే ఉన్నాడు. కొట్లో కూర్చున్నప్పుడు కూడా ఆయన బుర్రలో గేదే ఉంది. పేర్లు కొట్టే ఆయన నన్ను ఒళ్లో పెట్టుకుని, తలెత్తకుండా, "పేరేటండీ?" అన్నాడు.

"ఇందుమతి" అన్నాడు సన్యాసిరావు.

ఎన్నేళ్లుగానో ఆ కొట్లో ఆయన చెప్పిన పేరు అదొక్కటే. నోరు దానంతటదే చెప్పేసింది. యంత్రం సూది నా ఒంట్లోకి దిగడం మొదలుపెట్టింది. కంచం లోపల, అడుగు పైకి తిరిగే చోట, నాలుగు అక్షరాలు. నొప్పి సంగతి చెప్పను. తప్పని తెలిసీ చెప్పే నోరు లేకపోవడం దానికంటే కష్టం.

ఇంటికొచ్చాక కాగితం విప్పింది శైలజ. అప్పటికి ఒకటో తరగతి దాటింది, కనబడ్డ ప్రతి అక్షరాన్నీ కూడబలుక్కునే ఈడు. నా మీద వేలు పెట్టి చదివి, మొహం వెలిగిపోయి, "అమ్మ పేరు" అంది.

వంటింట్లోంచి వస్తున్న నూకరత్నం ఆగిపోయింది. సన్యాసిరావు నన్ను లాక్కుని చూశాడు. ఆదివారం తీసికెళ్లి సాన పట్టించి చెరిపించేస్తాననీ, కొట్టువాడితో మాట్లాడతాననీ ఏవేవో అన్నాడు. గౌరమ్మ మంచం మీద నుంచి నవ్వింది. "ఆవిడ ఈ ఇల్లు ఒదల్లేదే" అంది.

నూకరత్నం ఏడవలేదు. నన్ను కడిగి, తుడిచి, పీట ముందు పెట్టి, మొగుడికి అన్నం వడ్డించింది.

ఆ ఆదివారం రాలేదు. తర్వాత ఎన్నో ఆదివారాలు వచ్చాయిగానీ అది రాలేదు. ఆమె రెండోసారి అడగలేదు, ఆయన రెండోసారి ఎత్తలేదు. ఆ పేరు పడ్డాక అత్తగారి ఆంక్ష నాకూ వర్తించింది. నాలుగు చీరలిచ్చి నన్ను తెచ్చుకున్న మనిషి నాలో ఒక్క ముద్దా తినలేదు. రెండు పూటలా ఆయనకి మాత్రం నాలోనే వడ్డించేది. పప్పూ కూరా అయ్యి, పెరుగన్నం చివరికొచ్చేసరికి చుక్కల అక్షరాలు ఒక్కొక్కటే తేలేవి. ఆయన ఆఖరి రెండు ముద్దలు వేళ్లతో వాటి మీదకి నెట్టి, చెయ్యి కడుక్కునేవాడు. అది సిగ్గో, క్షమాపణో నాకు తెలీదు. నూకరత్నం తెలుసుకోవాలనుకున్నట్టు లేదు. ఎత్తి బయట కుక్కకి వేసేది.

శైలజ పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగి. గౌరమ్మకి చూపు ఆనడం లేదు, మాట మాత్రం చెల్లుతోంది. "పేరున్న సామానంతా పిల్లదే. తల్లి సొమ్ము. పేరు సూసి పెట్టెలో పెట్టవే" అంది కోడలితో. న్యాయమైన మాట. నూకరత్నం చాప మీద కూర్చుని ఒక్కొక్క గిన్నె తీసి, పేరు చూసి, గడ్డి వేసిన పెట్టెలో సర్దింది. సన్యాసిరావు ఆ పెట్టెకి కట్టడానికి తాడు చిక్కు విప్పుతున్నాడు.

చివరికి నేను ఆమె చేతికి వచ్చాను. ఆమె నన్ను పెట్టెలో వెయ్యలేదు, పక్కనా పెట్టలేదు. ఒళ్లో పెట్టుకుని ఆయన వైపు చూసింది. "అది నీది కదా" అన్న మూడు మాటలు చాలు. పదిహేనేళ్ల బాకీ తీరిపోయేది. ఆయనకి తెలుసు. నాకు తెలిసినట్టే తెలుసు. తాడు చిక్కుముడి ఒకటి కళ్లకి మరీ దగ్గరగా పెట్టుకుని, గోళ్లతో పీకుతూ ఉండిపోయాడు.

ఆమె నన్ను గడ్డిలో పెట్టింది.

విశాఖపట్నం ఇంట్లో బల్ల మీద తింటారు. మామూలు రోజుల్లో దాని మీద పూల ప్లాస్టిక్ షీటు. ఒక్కొక్కరి ముందూ ఒక చిన్న నార చాప, దాని మీద గాజు పళ్లెం. ఎవరైనా వస్తే షీటు తీసి, ఇస్త్రీ చేసిన తెల్ల గుడ్డ పరిచి, గ్లాసుల్లో చేతిగుడ్డలు విసనకర్రల్లా మడిచి నిలబెడతారు. అవి చేతులు తుడుచుకోవడానికట. తుడిస్తే మరకవుతుందని ఎవరూ తుడవరు. స్టీలు కంచాలకి ఆ బల్ల మీద చోటు లేదు. నన్ను పులుసు గిన్నె మీద మూతగా పెట్టుకున్నారు. సత్తు పళ్లెం గుర్తొచ్చేది. నాది ఒక్క ఉద్యోగమే.

సన్యాసిరావు పోయిన రెండేళ్లకి నూకరత్నం కంటి శుక్లాల ఆపరేషన్ కోసం అక్కడికొచ్చింది. శైలజ ప్రేమగానే చూసుకుంది. తెల్ల గుడ్డ పరిచింది, బంగారు గీత ఉన్న పింగాణీ పళ్లెం పెట్టింది. నూకరత్నం కుర్చీ అంచున కూర్చుంది. గుడ్డ మీద చుక్క పడకుండా ఎడం చెయ్యి ముద్ద కింద పట్టుకుని రెండు ముద్దలు తింది. గుడ్డ పరిచేది చుట్టానికే. ఆ ఇంట్లో తనకంటూ కంచం లేకపోయింది, ఈ ఇంట్లో చుట్టమైపోయింది.

పులుసు పోయడానికి శైలజ గిన్నె తెచ్చి, నన్ను తీసి బల్ల మీద పెట్టింది. నూకరత్నం చెయ్యి ఊరికే ఇటు వచ్చింది. పొర కమ్మిన కళ్లకి నేను ఒక తెల్లటి మసకను. వేలు మాత్రం నా లోపల చుక్కల మీద ఆగింది. ఒకసారి అటు, ఒకసారి ఇటు నడిచింది.

"అమ్మా, నాకు దీన్లో పెట్టు. దీన్లో అలవాటు" అంది.

"అది నాన్న కంచం కదా పిన్నీ?"

ఆమె వేలు చుక్కల మీంచి తీసేసింది. "ఆఁ, మీ నాన్నదే" అంది.

శైలజ నన్ను కడిగి అన్నం పెట్టింది. నూకరత్నం బల్ల దగ్గర నుంచి లేచి, వంటింట్లో కింద కూర్చుని, నన్ను ఒళ్లోకి లాక్కుని తింది. పప్పన్నం, పులుసన్నం, తర్వాత మజ్జిగ. మళ్లీ కొంచెం వేయించుకుంది. అంత నెమ్మదిగా నాలో ఎవరూ తినలేదు. ఆ పూట ఎవరూ వచ్చి ఆమె పక్కన కూర్చోలేదు.

పనిమనిషి ఉందన్నా వినకుండా నన్ను తనే కడిగింది. కొంగుతో తుడిచింది. తుడిచి, చేతిలో పట్టుకుని, "ఇదెక్కడ పెట్టమంటావమ్మా?" అని అడిగింది.

"ఎక్కడైనా పెట్టు పిన్నీ" అంది శైలజ హాల్లోంచి.

నూకరత్నం చేత్తో తడుముకుంటూ వెళ్లి, పులుసు గిన్నె మీద నన్ను మూతపెట్టింది.