ఆదివారం సెలవు పెట్టిన మగ్గం

వేలూరులో డాక్టర్ సురేంద్రన్ దగ్గర పీహెచ్‌డీ చేయాలంటే చదువు రాకపోయినా ఫరవాలేదు, సిగ్గు మాత్రం ఉండకూడదు. ఆ సంగతి భరణికి తెలిసేటప్పటికి నాలుగేళ్ళు గడిచిపోయాయి.

ఆయన శిష్యులందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు. పొద్దున్నే అందులో ఆయన ఒక బొమ్మ పెడతాడు. ఈ వారం లోకంలో ఎంతమంది తన పేపర్లను ఉదహరించారో ఆ లెక్క. ఆ ఉదహరించినవాళ్ళలో ముప్పాతిక మంది ఆ గ్రూపులో ఉన్నవాళ్ళే. తప్పదు మరి, రాసే ప్రతి పేపరులోనూ ఆయన పేపర్లు ఐదు దూర్చాలి. అయినా అందరూ చప్పట్లు కొడుతున్న చేతుల బొమ్మలు పెట్టాలి. పెట్టనివాళ్ళను సాయంత్రం పిలిచి, "ఏమమ్మా, ఒంట్లో బాగలేదా?" అని అడుగుతాడు. భరణి రాసిన మొదటి పేపరులో మొదటి పేరు ఆయనది, రెండోది ఆయన భార్యది, మూడోది భరణిది. ఆ భార్య పుట్టి బుద్ధెరిగాక మగ్గం మొహం చూసిన మనిషి కాదు. ఛీ, చెప్పుకుంటే సిగ్గుచేటు.

భరణి పరిశోధన తమ ఊరు గుడియాత్తంలోని లుంగీ నేతగాళ్ళ మీద. వాళ్ళ నాయన చెంగల్రాయలు నేతగాడే. వాళ్ళ వీధిలో నలభై ఇళ్ళకు తిరిగి, ఫోన్లలో ఒక యాప్ పెట్టించి, రోజుకెన్ని మీటర్లు నేశారో నూటఎనభై రోజులపాటు అందులో ఎక్కించమంది. మొదట్లో అందరూ సరదాగా ఎక్కించారు. తర్వాత ఒక ఇంట్లో ఫోను కాలేజీకి పోయే కొడుకు జేబులోకి చేరింది, ఇంకో ఇంట్లో రీచార్జి అయిపోయింది. రెండు నెలలు దాటేసరికి యాప్ నిండా ఖాళీలే.

ఆ మాటే పోయి సురేంద్రన్‌తో చెప్పింది. "అరవై ఒక్క రోజులకే సరిగ్గా ఉండాది సార్. దాంతోనే రాస్తాను."

సురేంద్రన్‌ది ఒడుగత్తూరు దగ్గర భూములున్న తెలుగు కుటుంబం. తెలుగువాళ్ళ పిల్ల అని భరణితో తెలుగులోనే మాట్లాడేవాడు. మనవాళ్ళు మనవాళ్ళు అంటూనే ముంచే రకం.

"అరవై రోజులకు ఏ జర్నల్ వేస్తాదమ్మా? మిగతాది నింపేయ్. ఏఐ ఉండేది ఎందుకు?"

"లేనిది యాడ నుంచి తెచ్చేది సార్? తప్పు గదా."

"తప్పు కాదు, దాన్ని సిములేషన్ అంటారు. ఈ కాలంలో అందరూ చేసేదే. లేదంటావా, ఇంకో రెండేళ్ళు తిరుగు, నాకేం."

పది రోజులు భరణికి అన్నం సయించలేదు. పదకొండో రోజు నింపేసింది. చేయించింది ఆయనే కావచ్చు, మీట నొక్కింది మాత్రం భరణి వేలే. పావుగంటలో నలభై ఇళ్ళకు నూట పంతొమ్మిది రోజుల నేత తయారైపోయింది. ముక్కు మూసుకుని ఆముదం మింగినట్టు దాన్ని కళ్ళతో చూడకుండానే అధ్యాయంలో అతికించి పంపేసింది. గ్రంథచౌర్యం పట్టే సాఫ్ట్‌వేర్ పోలిక ఆరు శాతమేనని మెచ్చుకుంది. కల్పించినదానికి పోలిక ఎక్కడిది గనక!

వైవా రోజు వచ్చింది. ఆ పరీక్ష బహిరంగంగా జరుగుతుంది, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. చెంగల్రాయలు ఇస్త్రీ పంచె కట్టుకుని, మొదటి బస్సుకే గుడియాత్తం నుంచి వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. పరీక్ష చేయడానికి ఆంధ్రా నుంచి ఒక ప్రొఫెసరు వచ్చాడు. ఈ రోజు ఈయన సురేంద్రన్ శిష్యురాలిని గట్టెక్కిస్తే వచ్చే నెల సురేంద్రన్ ఈయన శిష్యుణ్ణి గట్టెక్కిస్తాడు. వియ్యపువారి ఇచ్చిపుచ్చుకోవడాలకేం తీసిపోదు. భరణి ముందురోజంతా శాలువలకూ బిర్యానీకీ తిరిగి తిరిగి వచ్చింది.

అడగాల్సినవి రెండు ప్రశ్నలు అడిగారు. భరణి చెప్పింది. తెర మీద నూటఎనభై రోజుల నేత, కింద తేదీలూ వారాలతో, గీతగా కనిపిస్తోంది. బిర్యానీ పొట్లాలు వచ్చేశాయని ఎవరో చెవిలో చెప్పగానే ప్రొఫెసరు వాచీ చూసుకుని, మర్యాదకోసం వెనక వరస వైపు తిరిగాడు.

"పెద్దాయనా, మీ అమ్మాయి మీ గురించే ఇంత రాసింది. మీరూ ఒక మాట చెప్పండి."

చెంగల్రాయలు చేతులు కట్టుకుని లేచాడు. కూతురికి సాయం చేస్తున్నాననే అనుకున్నాడు పాపం.

"పటం బాగుండాది సార్. సుమ్మా, ఊరికే ఒక మాట అడగతా. మొదట రెండు నెలలు సరిగ్గా ఉండాది. ఆ తర్వాత ఆదివారం ఆదివారం గీత కిందికి పడిపోతా ఉండాది. మా మగ్గానికి ఆదివారం సెలవు యాడిది సార్? మేము మగ్గం తాకనిది అమావాస్య పొద్దు. అట్లాంటిది ఇందులో ఆషాఢంలో వచ్చే ఆడి అమావాస్యకు గూడా నలభై ఇండ్లూ నేసినట్టుండాది. అంకె ఏమన్నా తప్పి పడిందేమో చూసుకో అమ్మా."

భరణి తెర వైపు తిరిగి ఆ గీతను మొదటిసారి సరిగ్గా చూసింది. అమావాస్య అంటే వీధంతా చప్పుడు లేకుండా ఉండటం, మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టడం. ఇది ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఆ యంత్రానికేం తెలుసు? ఎవరో ఆఫీసు ఉద్యోగి సెలవు తెచ్చి నేతగాడికి తగిలించింది. అది తెలియనిది, తను తెలిసినది. తెలిసీ చూడలేదు.

ప్రొఫెసరు చేతిలో కలం ఆగిపోయింది. సురేంద్రన్ మాత్రం నవ్వుతూ లేచాడు.

"అదే సార్ మా ఫైండింగ్! పాత ఆచారం పోతా ఉండాది, నేతగాళ్ళు ఆదివారం సెలవుకు అలవాటు పడతా ఉండారు. ఐదో అధ్యాయమంతా దాని గురించే." ఐదో అధ్యాయంలో అటువంటి ముక్క ఒక్కటి లేదు. అయినా ఆయన గొంతు తడబడలేదు. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టేసే మనిషి. చెంగల్రాయలు వైపు తిరిగి, "ఏమప్పా, ఇప్పుడు అమావాస్యకు గూడా నేస్తా ఉండారు గదా?" అన్నాడు.

చెంగల్రాయలు కూతురి వైపు చూశాడు. భరణి నోరు విప్పాల్సింది అప్పుడే. విప్పలేదు. తల దించుకుంది. సిములేషన్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు గానీ, కూతురి మొహం తెలుసు.

"ఔ సార్," అన్నాడు మెల్లగా. "నేస్తా ఉండాము. నేను గూడా నేస్తాను. ముసిలోణ్ణి, మతి లేక అడిగినాను."

లుంగీలో ఒక్క పోగు తప్పినా నేతగాళ్ళ సొసైటీలో తనంతట తనే చూపించి చెప్పే మనిషి. నిండు సభలో అబద్ధమాడి కూర్చున్నాడు.

"బ్రహ్మాండమైన పాయింటు, దీన్ని విడిగా పేపరు చేయండి," అన్నాడు ప్రొఫెసరు. "మన ఇద్దరి పేర్లతో వేద్దాం సార్," అన్నాడు సురేంద్రన్. ఇక చప్పట్లు, శాలువలు, డాక్టర్ భరణి అని పిలుపులు. సురేంద్రన్ చెంగల్రాయలు భుజమ్మీద శాలువ కప్పి, ఫొటో తీయించుకుని, అక్కడికక్కడే గ్రూపులో పెట్టాడు. చప్పట్ల బొమ్మలు టపటపా పడ్డాయి. భరణి బిర్యానీ పొట్లం విప్పకుండానే పక్కకు నెట్టేసింది. వాళ్ళను చూసి రోత కొంత, తనను చూసుకుని ఎక్కువ.

తిరుగు బస్సు ఎక్కారు. ఊరు దగ్గరపడ్డాక నాయన, "పాస్ అయినట్టే గదా అమ్మా?" అన్నాడు. ఔనంది.

తొమ్మిదో రోజు పొద్దున గుడియాత్తంలో భరణికి మగ్గం చప్పుడుకు మెలకువ వచ్చింది. వీధంతా నిశ్శబ్దంగా ఉంది, వాళ్ళ ఇంట్లో మాత్రమే మగ్గం ఆడుతోంది. లేచి వచ్చి చూస్తే, ఎదురింటి నాగప్ప గడప దగ్గర నిలబడి ఉన్నాడు. అమ్మ రుక్మిణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుని ఉంది.

"చెంగల్రాయా, ఈ పొద్దు ఏం పొద్దో తెలుసునా నీకు?" అంటున్నాడు నాగప్ప.

మగ్గం గుంతలో కూర్చున్న చెంగల్రాయలు తల ఎత్తలేదు. "తెలుసప్పా. పాప పుస్తకంలో రాసుండాది, మేము ఈ పొద్దు నేస్తామని. నేను గూడా సభలో ఒప్పుకొని వచ్చినాను. బిడ్డ రాసింది అబద్ధం కాకూడదు గదా."

భరణికి తన మొహం మీద తనే ఉమ్మేసుకోవాలనిపించింది. ఎవడి పేరో పెరగడానికి ఎవడో రాయించిన అంకె కోసం, ఈ మనిషి పుట్టినప్పటి నుంచి తాకని రోజున మగ్గం తాకాడు.

లాపుటాపు తెచ్చి గడప మీదే కూర్చుంది. యూనివర్సిటీ రిజిస్ట్రారుకు, ఆ ప్రొఫెసరుకు, సురేంద్రన్‌కు కలిపి ఒకే ఉత్తరం రాసింది. నూట పంతొమ్మిది రోజుల నేత ఎవరూ నేసింది కాదు, యంత్రంతో నింపించింది నేనే, నింపమన్నది నా గైడు. సభలో మా నాయన చెప్పింది నా కోసం చెప్పిన అబద్ధం. నాకు డిగ్రీ ఇవ్వవద్దు. మళ్ళీ చదువుకోకుండా పంపేసింది.

రెండు నిమిషాలకే ఫోను మోగింది. సురేంద్రన్. ఫోనును గడప మీదే వదిలేసి లోపలికి వెళ్ళి, పోగును అటూ ఇటూ నడిపే నాడెను నాయన చేతిలోనే పట్టుకుని ఆపింది.

"పైకి రా నాయనా. ఈ పొద్దు అమావాస్య."