లోతు చెప్పే మనిషి

రోడ్డు తవ్వకుండా నేల కిందే మురుగు పైపు వేసే పని వాళ్లది. ఒకడు మిషన్ మీద కూర్చుని ఇనప రాడ్లు భూమిలోకి తోస్తాడు. ఇంకొకడు రిసీవర్ పట్టుకుని పైన నడుస్తూ, డ్రిల్ మొన ఎంత లోతులో ఉందో చెబుతాడు. తోసేవాడికి కళ్లంటే ఆ నడిచేవాడే. ఆ కళ్లు బావమరిదివి కావడం ఆపరేటర్ ఖర్మ.

నెల రోజులుగా ఆపరేటర్ భార్య ఈ తమ్ముడింట్లోనే ఉంది. ఆఫీసులో పని ఉండి ఆలస్యమైందని ఆమె చెబితే, ఈ మొగుడు మహానుభావుడు నమ్మకుండా వెళ్లి అక్కడి వాచ్‌మన్ని ఆరా తీశాడు. ఆమె బట్టలు సర్దుకుంది. బతిమాలగా బతిమాలగా, ఇవాళ సాయంత్రం వచ్చి మాట్లాడమంది.

"మూడు మీటర్లు. తిన్నగా పోనీ," వాకీటాకీలో బావమరిది. బావా అనడం ఎప్పుడో మానేశాడు.

రెండు మీటర్ల దగ్గర మంచినీళ్ల గొట్టం, నాలుగు మీటర్ల దగ్గర పాత మురుగు కాలువ. ఆ రెంటి మధ్యలోంచి దూరాలి. వీడు తప్పు లోతు చెప్పి నీళ్ల గొట్టం పగలగొట్టిస్తాడని ఆపరేటర్‌కి అనుమానం పట్టుకుంది. ఉద్యోగం ఊడినవాడి దగ్గరికి అక్కని పంపనక్కర్లేదు కదా.

"సరిగ్గా చూసి చావు."

"చూసే చెప్తున్నా. మూడు. నమ్మకపోతే దిగొచ్చి నువ్వే చూసుకో."

ఆపరేటర్ దిగలేదు. నీళ్ల గొట్టానికి తగలకుండా మొన కిందికి తిప్పి రాడ్డు తోశాడు.

"ఎక్కడికి పోతున్నావ్? మూడున్నర. ఆపు."

వాకీటాకీ కట్టేసి ఇంకో రాడ్డు తోశాడు. మిషన్ ఒక్క కుదుపు కుదిపి తేలికైపోయింది. కాసేపటికి ఎదురింటావిడ చీపురు పట్టుకుని బయటికొచ్చింది. వాళ్ల బాత్రూంలో చీలమండల దాకా, డ్రిల్లుతో పాటు లోపలికి పంపే బూడిదరంగు బురద. సూపర్‌వైజర్ మ్యాన్‌హోల్ తెరిచి లైటు వేశాడు. పాత కాలువ నడుమ డ్రిల్ మొన తీరిగ్గా కూర్చుని ఉంది.

"రేపట్నుంచి మిషన్ ఎక్కకు," అన్నాడు సూపర్‌వైజర్.

బావమరిది రిసీవర్ని పెట్టెలో పెట్టాడు. "నువ్వంటే నాకు ఒళ్లుమంట. అయినా లోతు ఎప్పుడూ తప్పు చెప్పలేదు."

"సాయంత్రం వస్తాగా, అన్నీ మాట్లాడుకుందాం," అన్నాడు ఆపరేటర్. సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

"రావద్దు. బావ మారాడా అని పొద్దున అక్క అడిగింది. దాని సంసారం నిలబడుతుందని, మారాడనే చెప్పా. నీ విషయంలో నేనాడిన అబద్ధం అదొక్కటే."

అతని ఎదుటే ఫోన్ తీసి అక్కకి చేశాడు.